నారాయణపేటలో నా దోసిట్లో పడిన నీళ్లు

నారాయణపేట పోయి వచ్చానని తెలిసినప్పటి నుంచి మా నల్లగొండ బజారులో అందరూ అడుగుతున్నది ఒక్కటే, అక్కడ చీరలు చవకా అని. చవకే. అక్కడ తొమ్మిది రూపాయలకు ఇచ్చే గళ్ల చీరకు ఇక్కడ పన్నెండు చెబుతారు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిమ్మళంగా చెప్పుకోవచ్చు. నేను చీరల కోసం పోలేదు, తేలేదు. ఒక గొంగడి తెచ్చాను. దాని ధర చివర్లో చెబుతాను.

నేను బడిలో చదువుకున్నవాడిని కాను. ఆముదాల వ్యాపారి దుకాణంలో ఇరవై ఆరేళ్లు గుమాస్తాగా ఉండి వడ్డీలు, భిన్నాలు నాకు నేనే నేర్చుకున్నాను. బస్సులు ఆగేచోటి సత్రానికి, ఎండాకాలం పానగల్ దారిలో పెట్టే చలివేంద్రానికి వచ్చే విరాళాలు ఎక్కడా తరిగిపోకుండా పదేళ్లుగా చూస్తున్నది కూడా నేనే. ఈ సంగతి ఎవరు చెప్పారో గాని, పట్నంలోని ఒక సేవాసంఘం నుంచి ఉత్తరం వచ్చింది. సత్రాలు, హాస్టళ్లు, దానపు భూములు చూసే పంతుళ్లకు, వకీళ్ల గుమాస్తాలకు నారాయణపేటలో ఆరు రోజుల శిక్షణ పెడుతున్నారట. దానం ఎలా అడగాలి, ఎలా పుచ్చుకోవాలి, వచ్చినది పదేళ్లు నిలిచేలా ఎలా వాడాలి అన్నవి పాఠాలు. అందులో 'దానం పుచ్చుకునే పద్ధతి' అనే పాఠం నేను చెప్పాలి.

నలభై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి నలుగురి ముందు నిలబడాలి. ఉత్తరం వెనక్కి తిప్పి, నా భయాలను వరుసగా రాసుకున్నాను. ఒకటి, వానాకాలం కాబట్టి దారిలో డిండి వాగు. రెండు, బి.ఏ.లు చదివినవాళ్లు నా మాట విని నవ్వడం. మూడు, పరాయి ఊరి నీళ్లు కడుపుకు పడకపోవడం. ఆ మూడింటినీ తట్టుకుని వచ్చాను. నేను రాసుకోనిది నాలుగోది ఒకటి ఉంది.

దేవరకొండ

నయా పైసలు వచ్చిన మరుసటి ఏడాది ఇది. ఏ ఊళ్లో ఏది ఎంత పలుకుతుందో రాసుకోవడం నాకు అలవాటు. దేవరకొండలో బస్సు ఆగితే నేరేడు పళ్ల గంప పట్టుకుని ఒకామె ఎక్కింది. ఆకుదొన్నె నిండా ఆరు పైసలు. మా ఊళ్లో ఆ ధరకు సగమే ఇస్తారు. పళ్లు కొని, ఒళ్లో పుస్తకం తెరిచి రాసుకుంటుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఏం రాస్తున్నవ్ సారూ?"

"ఏం లేదమ్మా, పండ్ల ధర."

"నా పేరు గిట్ల రాసినవా?"

"నీ పేరు నాకు తెల్వనే తెల్వదు."

"తెల్వకుంటెనే మంచిది," అని గంప ఎత్తుకుంది. "పదేండ్ల కింద మా ఊర్ల పేర్లు రాసుకపోయినోళ్లు ఉన్నరు. మా మరిది పేరు గూడ రాసుకుండ్రు. ఆయన ఇంతవరకు రాలే."

దిగిపోయింది. మిగిలిన పైసలు ఇవ్వకుండానే దిగింది. నాలుగు పైసలు. పుస్తకం మూసి సంచిలో పెట్టాను. పళ్లు తియ్యగానే ఉన్నాయి కానీ సగం కిటికీలోంచి పారేశాను. కాగితం మీద పెన్ను ఆనిస్తే అవతలి మనిషికి ఏమవుతుందో అంతవరకు నేను ఆలోచించినవాడిని కాను.

డిండి వాగు

అనుకున్నట్టే వాగు వచ్చింది. రోడ్డు మీద నుంచి ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. బస్సు ఆపి డ్రైవరు బీడీ ముట్టించాడు. కండక్టరు పంచె ఎగ్గట్టి, కట్టె పట్టుకుని నీళ్లలోకి నడిచాడు. మోకాళ్లు మునిగాయి. ఇంకో పది అడుగులు వేశాడు. తొడలదాకా వచ్చింది. నేను అడుగులు లెక్కపెడుతున్నాను. అరవై మూడు అడుగులకు అవతలి గట్టు ఎక్కి చెయ్యి ఊపాడు.

"పోదామా మరి?" అన్నాడు డ్రైవరు, మమ్మల్ని కాదు, బీడీని అడిగినట్టు.

"జర ఆగితె తగ్గదా?" అన్నాను.

"తగ్గుతది సారూ. తెల్లారెటాళ్లకు తగ్గుతది. ఈడ్నే పంటవా?"

బస్సులో అందరూ నవ్వారు. ఇంజను వాగులోకి దిగగానే నవ్వులు ఆగిపోయాయి. కాళ్ల కిందికి నీళ్లొచ్చాయి. సంచులన్నీ ఒళ్లోకి లేచాయి. నా ముందున్న ముసలామె వాగుకు పైస వేసి దండం పెట్టింది. నేనూ జేబులో చెయ్యి పెట్టాను. కొత్త పైసలు వాగుకు చెల్లుతాయో లేదోనన్న అనుమానంతో పాత అణా తీసి వేశాను. వెనక చక్రం ఒకసారి పక్కకు జారింది. ఆ ఒక్క క్షణంలో నా బాకీలు, నాకు రావలసినవి, ఆడపిల్ల పెళ్లికి దాచినది అన్నీ కూడిక జరిగిపోయాయి. తర్వాత బస్సు గట్టెక్కింది.

జడ్చర్ల

ఇక్కడ చాయ్ దగ్గర నాకు తగువైంది. కప్పు చాయ్ అణా. అణాకు ఆరుంబావు పైసలు. దుకాణపాయన ఏడు అడిగాడు, నేను ఆరిచ్చాను.

"పావు పైస ఏడికెళ్లి తెచ్చియ్యాలె?" అన్నాడతను.

"ముప్పావు పైస నేనెందుకియ్యాలె?" అన్నాను.

పక్క బల్ల మీద తెల్ల గడ్డం మనిషి ఒకాయన కప్పు దించి గట్టిగా నవ్వాడు. "నాలుగు కప్పులు తాగుండ్రి సాబ్. నాలుగణాలకు ఇరవై అయిదు. ఎవ్వరికీ నష్టం లేదు."

నాలుగు చెప్పాం. ఆయన రెండు, నేను రెండు. ఆయన పేరు ఖాజా మియా. నారాయణపేటలో ఒక దర్గాకు రాసిచ్చిన భూములు చూసే ముతవల్లి. శిక్షణకు పేరిచ్చినవాళ్లలో ఆయన కూడా ఉన్నాడు. నేను పాఠం చెప్పడానికి పోతున్నానని తెలిసి భుజం తట్టాడు.

"ఫికర్ ఎందుకు? పావు పైసకు కొట్లాడెటోళ్లే దానం లెక్క చూడాలె."

నారాయణపేట

ఊరు మగ్గాల చప్పుడుతో లేస్తుంది. పొద్దున ఆరింటికి ఒక ఇంట్లో మొదలైతే అరగంటలో వీధంతా అందుకుంటుంది. బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే బేరంలో వినిపిస్తాయి. మా దగ్గర జొన్నరొట్టె అరచెయ్యి మందం ఉంటుంది. ఇక్కడ కాగితంలా చేస్తారు. దాంతో పుంటికూర, పల్లీల కారం. నేను భయపడిన నీళ్లు కడుపుకు ఏమీ చెయ్యలేదు.

బడి హాల్లో ముప్పై ఒక్క మంది. సంఘం కార్యదర్శి పట్నం యువకుడు. బి.ఏ. చదివాడు, ఉతికిన ఖద్దరు, మంచి మాట. మొదటి రోజు ఆయన రెండు గంటలు మాట్లాడాడు. రెండో రోజు నా వంతు.

రాత్రంతా బట్టీ పట్టినది లేచి నిలబడగానే పోయింది. మొదటి వాక్యం కోసం వెతుకుతున్నాను. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఇంకెవరో నవ్వు ఆపుకున్నారు. చెవుల్లో డిండి వాగు మళ్లీ పారుతున్నట్టు అనిపించింది. అప్పుడే గుమ్మం దగ్గర ఒక ముసలాయన కనిపించాడు. గొర్రెలు కాసే కురుమ మనిషి, భుజాన నాలుగు నల్ల గొంగళ్లు. ఎవరైనా కొంటారేమోనని తొంగి చూస్తున్నాడు. నీళ్లలో పడ్డవాడు చేతికి దొరికినదాన్ని పట్టుకున్నట్టు నేను ఆయన్ని పట్టుకున్నాను.

"పెద్దయ్యా, జర లోపలికొస్తవా? దానమిచ్చెటాయన లెక్క కూసోవాలె."

"కూసుంటె ఏమిస్తవ్?"

హాలంతా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఒక గొంగడి కొంట."

"అయితె కూసుంట."

పేరు బీరయ్య. రెండు కోసుల దూరంలోని ఊరు. ఎంత భూమి ఉందని అడిగాను.

"నాలుగెకరాల పది గుంటలు. చెలక. గొర్లు ఇరవై రెండు."

"హద్దులు చెప్పు."

"తూర్పుకు వాగు. పడమట సాకలి అంజన్న చెలక. ఉత్తరాన బండ. దక్షిణాన బండ్ల బాట."

నేను నల్లబల్ల మీద రాశాను. దానమిచ్చే మనిషి నోటిమాట, హద్దులు, ఇద్దరు సాక్షులు, వేలిముద్ర అంటూ నా పాఠం తోవలో పడింది. అంతా ఉత్సాహంగా రాసుకుంటున్నారు. ఈ భూమి ఎవరికి పోతుందని బీరయ్య అడిగాడు. భూమి లేనివాళ్లకు అని చెప్పాను.

"భూమి లేనోళ్లకా?"

"అవు."

"నలభై ఏండ్లు నేను గా లెక్కలనే ఉంటి," అన్నాడు. మొహంలో నవ్వు పోయింది. "జర ఆగు సారూ."

బయటికి వెళ్లి కాళ్లు కడుక్కుని వచ్చాడు. ఒక గొంగడి నేల మీద పరిచాడు. తలపాగా తీసి పక్కన పెట్టి తూర్పు ముఖంగా కూర్చున్నాడు. ముసలాయన వేషం బాగా కడుతున్నాడని నేను అనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు.

"నీళ్లు?" అన్నాడు.

నా పాఠంలో నీళ్లు లేవు. బల్ల మీద నేను తాగడానికి పెట్టుకున్న చెంబు ఉంది. దాన్ని అందించింది నేనే.

"నాలుగెకరాల పది గుంటలు, భూమి లేనోళ్లకు ఇస్తున్న," అని నా దోసిట్లో నీళ్లు పోశాడు. చల్లటి నీళ్లు మోచేతులదాకా కారాయి. "పుచ్చుకున్నాను," అన్నాను. పాఠంలో అలాగే ఉంది. నమూనా కాగితం మీద వేలిముద్ర వేయించాం. చప్పట్లు మోగాయి.

గొంగడి ధర అడిగితే బీరయ్య తల అడ్డంగా ఊపాడు. "ఇయ్యాల అమ్మ సారూ. దానం జేసిన దినం బేరం జెయ్యొద్దు."

అది కూడా వేషంలో భాగమే అనుకుని నవ్వాను.

నాలుగో రోజు

శనివారం పొద్దున ఖాజా మియా బజారు నుంచి తిన్నగా నా దగ్గరికొచ్చాడు. రోజూ ఉండే నవ్వు లేదు.

"నర్సయ్య సాబ్, మీ గొంగళ్ల ముసలాయన చెలకల కాలు పెడ్తలేడంట."

"ఎందుకు?"

"ఇచ్చేసిన అంటున్నడంట. ఊరంత జొన్నలు ఏస్తున్నరు. వాన పడ్డది, పదును ఉన్నది. ఆయన గట్టు మీద కూసుని చూస్తున్నడంట."

నా అరిచేతులు తడిగా అనిపించాయి. చూసుకుంటే చెమట. చెలక అంటే వానను నమ్ముకున్న ఎర్ర నేల. పదును మూడు నాలుగు రోజులు. అది దాటితే విత్తనం మొలవదు, మొలవకపోతే ఏడాది తిండి లేదు. గురువారం ఆయన నీళ్లు పోశాడు. రెండు రోజులు అప్పుడే పోయాయి.

కార్యదర్శి దగ్గరికి పోయి ఆ నమూనా కాగితం ఇవ్వమన్నాను.

"ఎందుకండీ? ఆయన మనసారా ఇచ్చాడంటున్నారుగా! పాఠంలోంచి నిజమైన దానం పుట్టింది. ఇంతకంటే ఏం కావాలి మనకు? సోమవారం నేను పట్నం తీసుకుపోతాను."

"ఆయనకు ఇంకో భూమి లేదు."

"అందుకే గొప్ప దానం అంటున్నాను."

నేను చెప్పిన పద్ధతిలో ఏ తప్పూ లేదు. మాట ఉంది, హద్దులున్నాయి, సాక్షులు ఇద్దరు కాదు ముప్పై మంది. ఇన్నేళ్లలో ఒక్క కూడిక తప్పని నేను మొదటిసారి సరైన లెక్కను చూసి భయపడ్డాను.

చెలక గట్టు

ఆదివారం పొద్దున్నే నేనూ ఖాజా మియా నడిచి బయలుదేరాం. దారంతా జంటలు జంటలుగా ఎడ్లు, గొర్రు పట్టిన మగవాళ్లు, వెనక విత్తనం జారవిడిచే ఆడవాళ్లు. తడిసిన ఎర్రమట్టి వాసన. మరో రోజైతే ఆ వాసనకు ఆగి నిలబడేవాణ్ని. దారిలో ఖాజా మియా నాకు ధైర్యం చెబుతూ వచ్చాడు.

"మా దగ్గర ఒక కాయిదా ఉన్నది. కబ్జా అప్పజెప్పంది దానం పూర్తిగాదు. నోటితోటి ఇచ్చినా, భూమి ఆయన చేతులనే ఉన్నదనుకో, వాపస్ జెయ్యొచ్చు."

ఆ నియమం పట్టుకుని వాగు దాటాను. బీరయ్య నిజంగానే గట్టు మీద ఉన్నాడు. చుట్టూ చెలకలన్నీ గొర్రు గీతలతో నిండి ఉన్నాయి. మధ్యలో ఆయనది ఒక్కటే బోడిగా ఉంది. గొర్రెలు కూడా బండ అవతల మేస్తున్నాయి.

"కాయిదా ప్రకారం..." అని ఖాజా మియా మొదలుపెట్టి, ఆ బోడి నేలను చూసి ఆగిపోయాడు. "కబ్జా గూడ ఇచ్చేసిండు," అన్నాడు నాతో మెల్లగా.

నేను బీరయ్య పక్కన కూర్చున్నాను. "పెద్దయ్యా, అది పాఠం. నిజం గాదు."

"నువ్వు పాఠం చెప్పినవ్ సారూ. నేను మాట చెప్పిన."

"వేషం లెక్క కూసోమన్న గదా!"

"గొంగడి పరిచి, దాని మీద కూసుని, నీళ్లు పోసి అంటి. గొంగడి మీద కూసుని వేషం కట్టెటోడు మా కులంల లేడు."

"అయితె నేను వాపస్ ఇస్తున్న. తీసుకో."

ఆయన నా వంక జాలిగా చూశాడు. "ఇచ్చింది మళ్ల తీసుకుంటె నా గొర్లు బతుకుతయా? నా నోరు నోరయితదా?"

అప్పుడు బాట మీద రొట్టెల మూట పట్టుకుని ఆయన భార్య ఎల్లవ్వ వచ్చింది. సన్నటి మనిషి, గట్టి గొంతు. మూట గట్టు మీద పెట్టకముందే మొదలుపెట్టింది.

"వచ్చిండ్రా? రాండ్రి. గొంగళ్లు అమ్ముకరమ్మంటె భూమి ఇచ్చొచ్చిండు నా మొగడు. అమ్మినా పైసలన్న వచ్చుండె." నా వైపు తిరిగింది. "నువ్వేనా లెక్కల సారువి?"

"నేనే పెద్దమ్మా."

"మాకెంత భూమున్నదో రాసుకున్నవంట. నాలుగు దిక్కుల హద్దులు రాసుకున్నవంట. మేమెంత తింటమో రాసుకున్నవా?"

లేదు. అది నా పాఠంలో లేదు. పుచ్చుకునే పద్ధతిలో ఇచ్చేవాడి కడుపు నేను ఎక్కడా లెక్క వేయలేదు.

"మరి రాయి," అంది. "గిప్పుడు రాయి."

గట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచాను. ఆమె చెబుతుంటే రాశాను. ఇద్దరికీ రోజుకు శేరున్నర జొన్నలు. ఏడాదికి అయిదువందల నలభై ఏడున్నర. విత్తనానికి ఇరవై. కూలివాళ్లకు గింజలు వంద. చుట్టాలకు, పండుగలకు ఎంత అంటే వారానికి ఒక శేరు వేసుకోమంది. యాభై రెండు. అర శేరు తరుగు వేసి మొత్తం ఏడువందల ఇరవై శేర్లు. ఉప్పు, నూనె, బట్ట గొంగళ్ల మీద వెళ్తాయి. చెలక ఎకరానికి ఎంత పండుతుందని అడిగాను.

"దేవుడు సల్లగ చూస్తె నూట అరవై శేర్లు."

భాగించాను. నాలుగున్నర ఎకరాలు. రెండోసారి చేశాను. అంతే.

"మీకు కావలసింది నాలుగెకరాల ఇరవై గుంటలు. ఉన్నది నాలుగెకరాల పది గుంటలు. మీకే పది గుంటలు తక్కువ," అని బీరయ్యకు పుస్తకం చూపించాను. ముందురోజు నుంచి గుండె మీదున్న బండ దిగినట్టయింది. "లెక్క ప్రకారం మీ దగ్గర ఇయ్యనీకె ఏం లేదు పెద్దయ్యా. లేనిది ఇచ్చుడు చెల్లది."

బీరయ్య తల వంచుకున్నాడు. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. ఆ వంగిన మెడ చూసి నాకు ఇంకో భయం పట్టుకుంది. భూమి మిగిల్చి మనిషిని తీసేస్తున్నానేమోనని.

ఎల్లవ్వ కాసేపు ఆయన్నే చూసింది. గొంతు తగ్గించింది.

"మన పెండ్లిల మా నాయిన నీ చేతుల నీళ్లు పోసినప్పుడు నా చెయ్యి ఏడుండె?"

"నా చేతిలనే," అన్నాడు.

"మరి మొన్న పోసినప్పుడు?"

ఆయన తన చెయ్యి చూసుకున్నాడు.

"నా చెయ్యి లేకుండ నువ్వు పోసినయి ఉత్త నీళ్లు. సారుకు దూపయింది, చేతులు పట్టిండు, పోసినవ్. గంతే." ఖాజా మియా నవ్వు ఆపుకోలేక గడ్డం పట్టుకున్నాడు. ఎల్లవ్వ నవ్వలేదు. "గొంగడి పరువు."

"ఎందుకు పెద్దమ్మా?" అన్నాను.

"ఆయన మాట గాలికి పోనియ్యాల్నా? వాగు ఒడ్డుకు పది గుంటల ముక్క ఉన్నది. అది ఇస్తం."

"లెక్కల మీకే తక్కువ ఉన్నది గదా!"

"చూసిన. పది గుంటలు తక్కువ తినుకుంటనే ఇన్నేండ్లు బతికినమన్నట్టు. ఇంకో పది గుంటలు తక్కువైతె సస్తమా?"

"చావరు. కాని..."

"ఇగో సారూ, నాలుగెకరాలు పోతుంటె ఎంత పోతున్నదో ఆయనకు తెల్వది. గీ పది గుంటలు పోతె నాకేం తక్కువైతదో నాకు తెల్సు. నువ్వే చెప్పినవ్. తెల్సి ఇస్తున్న. చెయ్యి పట్టు."

ఆయన చేతి మీద ఆమె చెయ్యి వేసింది. రొట్టెలతో తెచ్చిన చెంబులో నీళ్లు వంచారు. నేను దోసిలి పట్టాను. గొప్పలు చెప్పను, సగం నీళ్లు గొంగడి మీద పడ్డాయి. పది గుంటలకు నలభై శేర్లు. ఇరవై ఏడు రోజుల తిండి కంటే కొంచెం తక్కువ. వాళ్లు ఏటా మానుకోబోయేది నా చేతుల్లోంచి కారుతోంది. ఖాజా మియా మెల్లగా నా వీపు మీద చెయ్యి వేశాక, పుచ్చుకున్నాను అన్నాను.

కొత్త కాగితం రాశాను. రెండు వేలిముద్రలు. అది ఆరకముందే బీరయ్య లేచి ఎడ్ల కోసం అంజన్న ఇంటివైపు పరుగులాంటి నడక నడిచాడు.

"రొట్టె తిని పో!" అని ఎల్లవ్వ అరిచింది. ఆయన వెనక్కి చూడలేదు. ఆ రొట్టెలు మేం తిన్నాం. నేను రెండు తిన్నాను. వాటిని కూడా మనసులో తీసివేశాను.

చివరి రోజు

సోమవారం నా కాగితం చూసి కార్యదర్శి దాన్ని బల్ల మీదికి తోశాడు.

"ముప్పై మంది ముందు నాలుగెకరాల పై చిలుకు. ఇప్పుడు పది గుంటలా? వీళ్లు ఊళ్లకు పోయి ఏం చెప్తారండీ, మన సంఘం గురించి?"

"తప్పు నాదని చెప్తారు."

"అలా రాసివ్వగలరా?"

అడుగుతాడనుకోలేదు. నా చేతిరాతతో తప్పు ఒప్పుకున్న కాగితం ఇంతవరకు ఎక్కడా లేదు. ఆ కాగితం నల్లగొండ చేరితే సత్రం లెక్కలు నా చేతిలో ఉంటాయో లేదో తెలియదు. బల్ల మీది నీళ్ల చెంబు వైపు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను.

నల్లబల్ల మీదే రాశాను, అందరూ చూసేలా. ఇచ్చేవాళ్లు ఏం తింటారో అడగకుండా దానం పుచ్చుకున్నాను, తప్పు నాది అని. నోటిమాట, హద్దులు, సాక్షులు అని గురువారం రాసి ఇంకా చెరపని వరుసకు పైన జాగా లేక, పక్కన నిలువుగా రాయవలసి వచ్చింది. ఎవరూ దగ్గలేదు. వెనక వరసలో ఒక పంతులు లేచి, "అది మా పుస్తకాల్ల గూడ పైనే రాసుకోవాల్నా, పక్కన్నా?" అని అడిగాడు. పైన, అన్నాను.

కార్యదర్శి పాత నమూనా కాగితం నాలుగుగా చింపి నా చేతికిచ్చాడు. మరుసటి ఏడు శిక్షణకు నాకు ఉత్తరం రాలేదు.

తిరుగు దారి

బస్సు కదిలే ముందు ఎల్లవ్వ గొంగళ్లతో బస్సు దగ్గరికొచ్చింది. చెలక మొత్తం వేశారట, వాగు ఒడ్డు ముక్క తప్ప. "కొంటనంటివంట," అంది. నీళ్లు పడిన గొంగడే తెచ్చింది. పదకొండు రూపాయలు. పదికి ఇమ్మన్నాను.

"పదకొండు."

"పదిన్నర."

"పది గుంటలు ఉత్తగ తీస్కపోయినవ్. గిప్పుడు అర్ధ రూపాయికి బేరమా?"

పదకొండు ఇచ్చాను. ఖాజా మియా బస్సు కిటికీ పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

డిండి వాగు తగ్గింది. రోడ్డు మీద చీలమండలదాకా కూడా లేదు. అయినా ఒక అణా వేశాను.

ఆ గొంగడి ఇప్పుడు మా ఇంట్లో ఉంది. మంచి గొంగడి, బరువుంటుంది, ఎంత వానైనా లోపలికి రానివ్వదు. చలికి కప్పుకుంటాను. వానలో తలమీద వేసుకుని సత్రానికి పోతాను. విరాళం రాయించుకోవడానికి ఎవరైనా వస్తే మాత్రం దాన్ని మడిచి చిలక్కొయ్యకు తగిలించి, ముందు ఇంట్లో ఎంతమందని అడుగుతాను. కొందరికి కోపం వస్తుంది. మా ఆవిడ దాన్ని ఒకసారి వరండాలో పరిచి, అన్నానికి కూర్చోమంది. నిలబడే భోంచేశాను.